వంశధార ఒడ్డున పెరడు, ఉద్దానంలో తోట

శనివారం

రథసప్తమి ఈసారి ఆదివారం నాడు పడడం, మర్నాడు గణతంత్ర దినోత్సవం సెలవు కావడం కలిసివచ్చి, మా పిన్ని వాళ్ల ఊరికి చాలాకాలం తరవాత పండగ పూట వెళ్లే వీలు కుదిరింది. విశాఖపట్నంలో రైలెక్కితే శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు సుమారు రెండు గంటల ప్రయాణం. పేరులో శ్రీకాకుళం ఉన్నా స్టేషను ఉన్నది ఆమదాలవలసలో కనుక, అక్కడి నుంచి నరసన్నపేట మీదుగా జలుమూరు వైపు రోడ్డు దారి పట్టాలి. కోతలు ముగిసిన మడుల్లో పెసర, మినుము అప్పటికే పచ్చగా పరుచుకుని ఉన్నాయి. వరి కోతకు కొద్ది రోజుల ముందు, పైరు ఇంకా నిలబడి ఉండగానే ఈ గింజలు చల్లేస్తారు. దుక్కి ఉండదు, తడి పెట్టేది ఉండదు, నేలలో మిగిలిన చెమ్మకూ రాత్రి కురిసే మంచుకూ పంట చేతికొస్తుంది. గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే వంశధార ఎడమ కాలువ ఈ వైపు పల్లపు భూములకు ఆధారమే అయినా, ఈ అపరాలు మాత్రం కాలువ ముఖం చూడకుండా పండుతాయి.

ఇంటికి చేరగానే పిన్ని మా పాప చెంపలు నిమిరి, "ఏటే, గుంట ఇలా సన్నబడిపోనాది, పట్నంలో తిండి పెట్టడం లేదేటి?" అని నన్నే నిలదీసింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కన్నా పెరట్లోకి వెళ్లడం తేలిక.

పెరడు పది సెంట్లకు మించదు. నుయ్యి పక్కన అంట్లు తోమే గట్టు, ఆ నీరు పారే చోట అరటి బోదెలు, వాటి నీడన కంద, కంచె మీదికి ఎగబాకిన బచ్చలి, గోడవారన మునగ, కరివేపాకు. ఎండ బాగా తగిలే నడిమి భాగంలో వంగ, టమాటా, మిరప మళ్లు, వాటి చుట్టూ బంతి. ఆనప తీగ పశువుల పాక కప్పు మీదికి వెళ్లిపోయింది. ఇంటికి ఉత్తరాన వేసిన చిక్కుడు పందిరి కింద మనిషి తల వంచుకుని నడవాలి. నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబెట్టినది పాక గోడ. గుమ్మడి, ఆనప, బీర గింజలను పచ్చి పేడలో గుచ్చి, పిడకల మాదిరిగా గోడకు కొట్టి ఉంచారు. ఎండిన తరవాత అలాగే వదిలేస్తే పురుగు పట్టదు, తొలకరికి పిడక విరిచి గింజలు తీసుకోవచ్చు. ఏ పిడకలో ఏ గింజ ఉందో గుర్తుకు పిన్ని దాని మీద వేలితో గీతలు పెట్టింది. ఒక గీత గుమ్మడి, రెండు ఆనప, అడ్డగీత బీర.

రాత్రి ఆనపకాయ పాలు పోసిన కూర, మిరియాల చారు, గడ్డ పెరుగు. మర్నాడు తెల్లవారుజామున లేవాలని అందరమూ తొందరగా పడుకున్నాము.

ఆదివారం

రథసప్తమి నాడు జిల్లా అంతా అరసవల్లి వైపు నడుస్తుంది. శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఆ సూర్యనారాయణ స్వామి ఆలయంలో ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయని ప్రసిద్ధి. రథసప్తమికి మాత్రం ముందు రాత్రి నుంచే క్యూలు మొదలవుతాయి. మేము వెళ్దామా అని అడిగితే బాబాయి తేల్చి చెప్పేశాడు: "ఆ రద్దీలోకి ఏటికమ్మా? ఆయనే మన వాకిట్లోకి వస్తాడు కదా."

నిజానికి ఈ పండగ పెరడున్న ఇంట్లో చేసుకోవలసిన పండగ అని నాకు ఆ రోజు అర్థమైంది. తలమీదా భుజాలమీదా జిల్లేడాకులు, రేగుపళ్లు పెట్టుకుని స్నానం చేయాలి. రెండూ ఊరి పొలిమేరలోనే దొరికాయి. తులసి కోట ముందు తూర్పుముఖంగా ఆవుపిడకలు పేర్చి, ఆ నిప్పు మీద పాలు పొంగించాలి. భోగికి దండలు గుచ్చగా మిగిలిన పిడకలను పిన్ని విడిగా దాచింది. చిక్కుడుకాయలకు కొబ్బరి ఈనెలు గుచ్చి రథం కట్టాలి. ఆ పని మా పాపదీ మా తమ్ముడి కొడుకుదీ. చక్రాలకు ముదురు కాయలు కావాలనీ, లేతవైతే ఈనె గుచ్చగానే చీలిపోతాయనీ వాళ్లకు నేర్పింది తొంభై దాటిన పక్కింటి మామ్మగారు. ఆవిడ అరుగు మీద కూర్చునే రథం మొత్తం కట్టించింది.

పరమాన్నం వండిన గిన్నె బుడితి ఇత్తడి. సారవకోట మండలంలోని ఆ ఊరి కంచరి పని వాళ్లు పోతపోసిన గిన్నె అది, మా పిన్ని కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది. పొగకు అడుగు నల్లబడినా అంచు మాత్రం చింతపండుతో తోమి తోమి మెరుస్తూ ఉంటుంది. పిడకల సెగ కట్టెల మంటలా ఎగసిపడదు. నెమ్మదిగా, అన్ని వైపులా సమానంగా తగులుతుంది. పాలు కాగి మీగడ కట్టి, ఆ మీగడ నడుమ ఒకచోట చిన్న బుడగ లేచి, తరవాత అంచులన్నీ ఒక్కసారి పైకి వచ్చి తూర్పు వైపు పొంగాయి. అందరం దండం పెట్టాము. అప్పుడు కొత్త బియ్యం వేశారు. ఆ బియ్యం బాబాయి పొలంలో పండిన శ్రీకాకుళం సన్నాలు. జిల్లాలోనే ఉన్న రాగోలు వ్యవసాయ పరిశోధన కేంద్రం విడుదల చేసిన ఈ రకాన్ని ఆర్‌జీఎల్ 2537 అని కూడా అంటారు. అన్నం మెత్తబడే వరకు చెరకు ముక్కతో కలుపుతూ, చివర బెల్లం వేసి, నెయ్యి, యాలకులు జోడించారు. బెల్లం ముందుగా వేస్తే పాలు విరుగుతాయని మరదలు నా చేతిలోని బెల్లం పళ్లెం లాక్కుని మరీ ఆపింది. చిక్కుడాకుల్లో ఏడు ముద్దలు నైవేద్యం పెట్టాక, ఆకు వాసన కొంచెం అంటిన ఆ పరమాన్నం వాకిట్లోనే ఎండలో కూర్చుని తిన్నాము.

మధ్యాహ్నం భోజనానికి ఏమి వండాలో పిన్ని ముందు రోజు నిర్ణయించలేదు. పది గంటలకు గంప పట్టుకుని పెరట్లోకి వెళ్లి, ఏది ముదిరిపోయేలా ఉందో చూసి కోసింది. కంద, బచ్చలి కలిపి ఒక కూర, అరటికాయ ఆవపెట్టిన కూర, ముదురు గుమ్మడికాయ ముక్కలతో దప్పళం, పెసరపప్పు, కొత్తిమీర పచ్చడి అలా తయారయ్యాయి. పట్నంలో మనం తినాలనుకున్నది కొంటాము, ఇక్కడ తోట ఇచ్చినది వండుతారని నేను మొదట అనుకున్నాను గానీ, మరదలితో మాట్లాడాక అది సగమే నిజమని తేలింది. ఏడాదిలో ఏ నెల ఏ పండగ, ఏ నోము, ఎవరింట పురుడు, ఏ నెల కూరలు కరవు అన్నది లెక్కచూసుకునే విత్తనం వేస్తారు. రథసప్తమికి రథమూ ఆకులూ కావాలని వానాకాలంలోనే చిక్కుడు పాదు పెట్టారు. ఆవపెట్టిన కూరలకు ఆవాలు కావాలని మడిగట్టున నాలుగు వరసలు ఆవ చల్లారు. వంటింటి అవసరం తెలిసిన మనిషి చేతిలో ఉంది కాబట్టే ఆ పెరట్లో అక్కర్లేని మొక్క ఒకటీ కనబడదు. నా మేడమీది కుండీలలో బ్రకోలీ, లెట్యూస్ ఎందుకు పెంచుతున్నానో ఆలోచిస్తే నాకే నవ్వొచ్చింది.

సోమవారం

పొద్దున్న చోడి, అంటే రాగి, అంబలి. రాత్రి నానబెట్టిన చోడిపిండిని నూకలతో ఉడికించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, నీరుల్లి ముక్కలు కలుపుతారు. బాబాయి మెట్ట చెక్కలో వేసిన చోడి రకం పేరు వేగవతి. విజయనగరం పరిశోధన కేంద్రం ఇచ్చిన రకానికి ఈ ప్రాంతపు ఏటి పేరే పెట్టడం బాగుందనిపించింది.

మా మరదలు మహిళా సంఘంలో సభ్యురాలు, రసాయనాలు వాడని ప్రకృతి వ్యవసాయం పని కూడా ఆ సంఘం ద్వారానే నేర్చుకుంది. 2016లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో రాష్ట్రంలో మొదలైన ఈ కార్యక్రమం ఊళ్లలో నిలిచింది ప్రధానంగా ఆడవాళ్ల సంఘాల మీదే. 2024లో దీనికి పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ పురస్కారం వచ్చినప్పుడు పేపర్లలో చదివాను. చదవడం వేరు, పాక వెనక ప్లాస్టిక్ డ్రమ్ము మూత తీసి ఆ వాసన పీల్చడం వేరు. రెండు వందల లీటర్ల నీళ్లలో పది కిలోల నాటు ఆవు పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి కలిపి, నీడన ఉంచి, పొద్దునా సాయంత్రమూ కర్రతో ఒకే వైపు తిప్పుతారు. రెండు రోజులకు జీవామృతం తయారవుతుంది, ఒక ఎకరానికి సరిపోతుంది. మట్టిలోని సూక్ష్మజీవులకు బెల్లమూ పిండీ తిండి, అవి పెరిగి నేలలో ఉన్న పోషకాలను మొక్క అందుకునే రూపంలోకి మారుస్తాయి. "ఇది ఎరువు కాదు వదినా, తోడు" అంది మరదలు. పెరుగు తోడుపెట్టే మనిషి నోట ఆ మాట సహజంగా వచ్చింది.

చిక్కుడు పందిరి దగ్గర లేత కొసలకు పేనుబంక నల్లగా అంటుకుని ఉంది. ఈ చలికాలంలో చిక్కుడుకు అది తప్పదు. ఆకుల మీద మంచు ఆరకముందే పొయ్యిలోని బూడిద జల్లెడ పట్టి చల్లుతారు, అప్పటికీ తగ్గకపోతే వేపాకు, పేడ, మూత్రం నానబెట్టి తీసిన నీమాస్త్రం కొడతారు. ఒక కొస మాత్రం మరదలు ముట్టుకోనివ్వలేదు. దగ్గరగా చూస్తే దాని మీద ఎర్రటి వీపున నల్లచుక్కలున్న అక్షింతల పురుగులు మూడు, వాటి పిల్లలు మరికొన్ని తిరుగుతూ పేనుబంకను తింటున్నాయి. పిల్లలు పెద్దవాటిలా గుండ్రంగా ఉండవు, పొడుగ్గా, బూడిద రంగులో, చూడగానే చంపేయాలనిపించేలా ఉంటాయి. ఇంతకుముందు తాను కూడా వాటిని చీడ అనుకుని నలిపేసేదాన్నని మరదలు చెప్పింది.

అయితే ఈ పద్ధతిని గురించి అందరూ రాసేటంత అందంగా రాయడానికి నాకు మనసొప్పదు. బాబాయికి ఉన్న రెండున్నర ఎకరాలలో అరెకరమూ పెరడూ మాత్రమే ఇలా సాగవుతున్నాయి, తక్కిన వరికి యూరియా బస్తా ఇప్పటికీ వస్తోంది. అరెకరంలో కూడా మొదటి రెండేళ్లు దిగుబడి తగ్గిందని, ఆ నష్టం తట్టుకోవడానికి తమ్ముడు విశాఖలో చేసే ఉద్యోగమే అండ అయిందని ఆయన దాచకుండా చెప్పాడు. అన్నిటికన్నా పెద్ద చిక్కు పశువుది. ట్రాక్టర్లు వచ్చాక ఊళ్లో ఎడ్లు పోయాయి, ఎడ్లతోపాటు ఆవులూ తగ్గాయి. మోయడానికీ మేపడానికీ ఉండవలసిన కుర్రాళ్లు విశాఖ, చెన్నై, హైదరాబాదు భవనాల పనులకు వెళ్లిపోయారు. మా పిన్ని వాళ్ల రెండు ఆవుల పేడ కోసం ఇప్పుడు ఐదిళ్ల వాళ్లు వంతులు వేసుకుంటున్నారు. గెత్తం, అంటే పేడ ఎరువు, కుప్ప పెద్దదిగా ఉన్న ఇంటికి పిల్లనివ్వచ్చు అని వెనకటికి అనేవారట. ఆ లెక్కన ఈ ఊళ్లో ఇప్పుడు సంబంధాలు కుదరవని బాబాయి నవ్వాడు.

మధ్యాహ్నం తెలకపిండి మునగాకు కూర. ఉత్తరాంధ్ర ఇళ్లలో నువ్వులు లేనిదే రోజు గడవదు. గానుగలో నూనె తీయగా మిగిలిన తెలకపిండిని ఆవు కుడితిలో ఒక గుప్పెడు, కూరలో ఒక గుప్పెడు వేస్తారు. పిన్ని ముందుగా లేత మునగాకును ఈనెలు లేకుండా దూసి, కడిగి, కొద్ది నీళ్లలో ఉప్పు వేసి మగ్గనిచ్చింది. నీరు ఇంకా కొంచెం ఉండగానే తెలకపిండిని వేళ్లతో నలిపి పైన చల్లి, కలపకుండా మూత పెట్టింది. ఐదు నిమిషాల తరవాత తీస్తే పిండి ఆ నీటిని పీల్చుకుని ఉబ్బింది. అప్పుడు గరిటెతో పొడిపొడిగా విడదీసి, నువ్వుల నూనెలో మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లితో పోపు పెట్టి కలిపింది. బాలింతలకు పాలు పడతాయని తప్పనిసరిగా పెట్టే కూర ఇది. మా పాప పుట్టినప్పుడు మా అమ్మ రోజు విడిచి రోజు పెడితే విసుక్కున్నాను గానీ, వేడన్నంలో ఈ కూరకు సాటి వచ్చేది నాకు తెలిసి లేదు.

సాయంత్రం శ్రీముఖలింగం వెళ్లి వచ్చాము. తూర్పు గాంగ రాజుల ఒకప్పటి రాజధానిగా చెప్పే ఈ ఊళ్లో మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ చూడదగినవే. స్వామి ఇప్పచెట్టు మొదట వెలిశాడని స్థలపురాణం.

మంగళవారం

నరసన్నపేట నుంచి టెక్కలి, పలాస, మందస దాటి జాతీయ రహదారి మీద ఉత్తరానికి వెళ్తుంటే ఎడమ చేతివైపు దూరంగా మహేంద్రగిరి కొండలు, కుడివైపు కొబ్బరి తోపులు చిక్కబడుతూ కనిపిస్తాయి. టెక్కలి దగ్గర నౌపడ ఉప్పు మళ్లు గుర్తొచ్చి పిన్ని చెప్పిన మాట కూడా గుర్తొచ్చింది: ఆవకాయకు నౌపడ కల్లుప్పు తప్ప మరోటి ఆవిడ ముట్టదు. కంచిలి దగ్గర రహదారి దిగి కవిటి వైపు వెళ్తే మా పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క ఇల్లు.

ఉద్దానం అనే ఈ తీరప్రాంతపు తోటలో పైకి చూస్తే కొబ్బరి, దాని కింద పనస, జీడిమామిడి, ఇంకా కింద అరటి, నేలమీద కంద, పసుపు, అల్లం. ఎండ ఏ అంతస్తుకు ఎంత దిగాలో అంతే దిగుతుంది, రాలిన ఆకు రాలినచోటే మగ్గి ఎరువవుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు ఈ పై అంతస్తే కూలిపోయింది. లక్షల కొబ్బరి, జీడి చెట్లు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. తన పెళ్లినాటి చెట్లు పద్దెనిమిది పోయాయని అక్క ఇప్పటికీ ఒక్కొక్కటీ ఎక్కడ ఉండేదో చూపించగలదు. ఆ ఏడాదే నాటిన నాటు కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది కనుక, మధ్య కాలంలో ఈ ఇల్లు అరటి మీదా కంద మీదా బతికిందని బావగారు చెప్పారు. ఒరిగిపోయిన ఒక పనస మోడు మాత్రం పక్క నుంచి చిగురించి చెట్టయింది. నిరుడు మొదటిసారి కాసిందట.

అక్క వంటింట్లో కొళాయి ఉండడం నాకు కొత్త. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా ఇంటింటినీ పట్టి పీడిస్తోంది. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేదు గానీ, నీటి మీద అనుమానం ఉండడంతో హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా మంచినీరు తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. తాగడానికీ పప్పు ఉడకబెట్టడానికీ అక్క ఆ నీళ్లే వాడుతుంది, నూతి నీళ్లు తోటకూ అంట్లకూ మాత్రమే. తోట ఎంత పచ్చగా ఉన్నా వండే నీటిని నమ్మలేకపోవడం ఎలాంటి కష్టమో ఆవిడ మాటల్లో తెలిసింది. వాళ్ల మామగారు ఆ జబ్బుతోనే పోయారు.

లేత పనసకాయలు అప్పుడే దిగడం మొదలైంది. కొబ్బరికాయంత కాయ ఒకటి కోయించి, అక్క నేలమీద గోనె పరిచి, తన చేతులకూ కత్తికీ నూనె రాసుకుని కూర్చుంది. నూనె లేకపోతే పనస జిగురు రెండు రోజులైనా వదలదు. ముళ్ల తొక్క మందంగా చెక్కేసి, నడిమి దూట తీసి, మిగిలిన తెల్లటి కండను కత్తితో టకటకమని కొడుతూ, కాయను తిప్పుతూ, మళ్లీ కొడుతూ సన్నటి పొట్టుగా రాల్చింది. చూడడానికి తేలికే గానీ నేను కొట్టినది ముక్కలయింది తప్ప పొట్టు కాలేదు. ఆ పొట్టును పసుపు, ఉప్పు వేసి ఉడికించి, గట్టిగా పిండి, శనగపప్పు, మినప్పప్పు, జీడిపప్పు పలుకులు, ఎండుమిర్చి, కరివేపాకు పోపులో వేసి, చిక్కటి చింతపండు పులుసు పోసి మగ్గించాలి. దింపి బాగా చల్లారాకే, ఆవాలు, ఎండుమిర్చి, ఉప్పు నూరిన ముద్దను పచ్చి నువ్వుల నూనెతో కలిపి పట్టించాలి. వేడి మీద కలిపితే ఆవ చేదెక్కుతుంది. ఉదయం వండి మధ్యాహ్నానికి తింటే ఘాటు ముక్కుకు తగులుతుంది, రాత్రికి ఇంకా బాగుంటుంది.

ఇదే కాయను పైఊళ్ల వ్యాపారులు తోటలోనే బేరమాడి లారీలకు ఎత్తుకుపోతారు. మందులేని పంటకు ఎక్కువ ధర ఎవరైనా ఇస్తున్నారా అని అడిగితే బావగారు తల అడ్డంగా ఊపారు. పనసకు ఇక్కడ మందు కొట్టేవాళ్లే లేరు గనుక అది గొప్పగా ఎవరికీ తోచదు. విశాఖలో సేంద్రియమనే పేరుతో అమ్మే దుకాణంలో అదే కాయ ధర చూసిన నాకు మాత్రం నోట మాట రాలేదు.

బుధవారం

పలాస నుంచి మధ్యాహ్నం రైలు. స్టేషనులో జీడిపప్పు పొట్లాలు కొనబోతే అక్క కోప్పడుతుందని మానుకున్నాను. ఆవిడ కట్టిన సంచిలో జీడిపప్పు, కొబ్బరికాయలు, కంద పిలకలు, పిన్ని ఇచ్చిన గీతల పిడకలు రెండు అప్పటికే ఉన్నాయి. పొద్దున్న కొట్టిన పనస పొట్టు నల్లబడకుండా మజ్జిగ నీళ్లలో వేసి డబ్బాలో పెట్టింది గానీ మర్నాటిదాకా ఆగదు. అందుకని ఇల్లు చేరగానే స్నానాలు కూడా కాకముందే పొయ్యి వెలిగించాను. రాత్రి భోజనాల దగ్గర మా అత్తగారు రెండు ముద్దలు తిని, కాయ మంచిదేననీ, ఆవ మాత్రం ఇంకో చెంచా పడాల్సిందనీ అన్నారు.